తొలి కెమెరాకు తగిన కటకం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో విద్యార్థుల ఛాయాచిత్ర ప్రదర్శన ప్రారంభ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బయి అయిదేళ్ళు నిండిన పాఠశాలలో ఉత్సవం జరుగుతున్నప్పుడు చదువు గురించో, మాతృభాష గురించో, సంస్థను నిలబెట్టిన దాతల గురించో మాట్లాడటం ఆనవాయితీ. ఈనాటి విషయం వాటికన్న చిన్నది. అది చేతిలో ఇమిడే ఒక గాజు వస్తువు. తొలిసారిగా ఫిల్ము కెమెరా పట్టదలచిన విద్యార్థి, తక్కువ ఖర్చులో ఏ కటకం కొనుక్కోవాలి అన్నదే ఈ ప్రసంగ విషయం. వస్తువు చిన్నదే అయినా, దానిని ఎన్నుకోవడంలో గణితం ఉన్నది, భౌతికశాస్త్రం ఉన్నది, ఇంటి ఆర్థికం ఉన్నది. అన్నిటికన్న మించి, మన పేటల జీవితాన్ని రేపటి తరానికి ఎవరు చూపుతారన్న ప్రశ్న ఉన్నది.

తెలంగాణ పల్లెల నుండి మగ్గాన్ని నమ్ముకొని షోలాపురానికి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాల కథ ఈ సభలో ఉన్నవారికి కొత్త కాదు. 1877లో ఈ నగరంలో తొలి బట్టల మిల్లు వెలసింది. నిజాం రాజ్యంలోని కరవులను, పనిలేమిని తప్పించుకొని వచ్చినవారు కొందరు ఆ మిల్లులలో చేరారు. కొందరు ఇళ్ళలోనే మగ్గాలు దింపారు. సాఖర్ పేట, భవాని పేట, అశోక్ చౌక్ పరిసరాలలో తెలుగు మాట నిలిచింది. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయ రథోత్సవం సాగింది. షోలాపురం చద్దరు దేశమంతటా ఇళ్ళకు చేరి, భౌగోళిక గుర్తింపును కూడ పొందింది. ఇంత చేసిన మన పెద్దల ఛాయాచిత్రాలు మన ఇళ్ళలో ఎన్ని ఉన్నవి? గోడ మీద పెళ్ళి ఫోటో ఒకటి, కాలధర్మం చెందిన తరువాత దండ వేసిన ఫోటో ఒకటి. ఆ రెండింటి నడుమ గడిచిన నలభై, యాభై ఏళ్ళ శ్రమకు మాత్రం చిత్రం లేదు. దేశానికి దుప్పటి కప్పిన చేతులు ఏ చిత్రంలోనూ కనిపించవు.

ఇందుకు కారణం అశ్రద్ధ కాదు. ఛాయాచిత్రం చాలాకాలం కలిగినవారి వైభవంగానే ఉండింది. 1844లో జన్మించిన లాలా దీన్ దయాళ్ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడై, రాజా బిరుదు పొంది, కోటలను, దర్బారులను, వేటలను గాజు పలకల మీద నిలిపాడు. ఘోషాలో ఉండే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకమైన స్టూడియోను నెలకొల్పి, దానిని స్త్రీల చేతనే నడిపించాడు. ఆయన పనితనం అపురూపమైనది. అయితే ఆ కాలంలోనే నిజాం రాజ్యం విడిచి మగ్గం మోసుకొని వచ్చిన మన ముత్తాతల ముందు ఏ కెమెరా నిలబడలేదు. తరువాతి కాలంలో కరీంనగర్ ప్రాంతపు కోరుట్లలో పుట్టిన బండి రాజన్ బాబు, కెమెరాను గిరిజన గూడేలకు తీసుకొనిపోయి, అక్కడి స్త్రీపురుషుల ముఖాలలోని గాంభీర్యాన్ని లోకానికి చూపాడు. 2011లో ఆయన కన్నుమూశాడు. ఆయన పుట్టిన ఆ గడ్డ మీది నుండే మనలో ఎందరో ఇక్కడికి వచ్చారు. సామాన్యుని పని కూడ చిత్రానికి తగినదే అన్న పాఠం ఆయన కృషిలో ఉన్నది.

నేటి ప్రదర్శనకు బీజం ఎక్కడ పడిందో చెప్పవలసి ఉన్నది. జూబిలీ సంవత్సరంలో ప్రతి విద్యార్థీ తన ఇంటి పెద్దల పనిని గురించి ఏదో ఒకటి, వ్యాసమో, బొమ్మో, వస్తువో తీసుకురావాలని ఉపాధ్యాయులు కోరారు. తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక బాలిక తన తాతగారి రేకు పెట్టెలో దొరికిన ఒక పాత కెమెరాను పట్టుకొని వచ్చింది. అది సోవియట్ దేశంలో తయారైన జెనిత్-ఇ. తాతగారు మగ్గం మీద కూడబెట్టిన డబ్బుతో ఎప్పుడో కొన్నదట. కెమెరా పనిచేస్తూనే ఉన్నది కాని, దాని కటకంలో బూజు సాలెగూడులా అల్లుకొని గాజును తినివేసింది. ఆ కెమెరాతో తాతగారు ఇరుగుపొరుగు వారందరికీ ఫోటోలు తీశాడు. తీసేవాడు ఆయనే కనుక ఆయన ఫోటో ఎవరూ తీయలేదు. "మీ తాత మగ్గం మీద కూసున్న ఫోటో ఒక్కటన్న లేకపాయె బిడ్డా" అని నాయనమ్మ అన్న మాట ఆ పిల్ల మనసులో నాటుకొన్నది. తాతగారు లేరు. నాయనమ్మ ఇంకా రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతున్నది. ఆమె చూపు మందగిస్తున్నది. ఆ పని ఎన్నాళ్ళు సాగుతుందో ఎవరికీ తెలియదు.

బాలిక కోరిక విని తండ్రి మొదట ఒప్పుకోలేదు. ఆయన పవర్ లూమ్ మీద పనిచేసే మనిషి. "ఫోన్ల ఫోటో వస్తలేదా? మల్ల దీనికి పైసలెందుకు?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. ఇంట్లో తల్లి వెయ్యి బీడీలకు ఇంత అన్న లెక్కన పొద్దంతా బీడీలు చుడుతున్నప్పుడు, ప్రతి రూపాయి వెనుక ఎన్ని ఆకులు కత్తిరింపబడినవో ఆ ఇంటికే తెలుసు. ఫోన్ చాలునన్నవారు ఫోనుతోనే తీయవచ్చును, అందులో చిన్నతనం ఏమీ లేదు. అయితే ఆ ఇంట్లో అంతకు ముందే నాయనమ్మ ఫోటోలు ఫోనులో ఎన్నో ఉండేవి. ఫోను నీళ్ళలో పడిన రోజున అవన్నీ పోయినవి. ఫిల్ము మీద పడిన చిత్రం అలా కాదు. నెగటివును పొడిగా భద్రపరచితే అది మనుమల మనుమలకు కూడ అందుతుంది. పైగా ఒక చుట్టలో ముప్పయి ఆరు చిత్రాలే. ప్రతి నొక్కుకూ ఖర్చు ఉన్నది కనుక, నొక్కే ముందు చూడటం, ఆలోచించడం అలవడుతుంది. తండ్రి చివరకు ఒక షరతు మీద ఒప్పుకొన్నాడు: బాలిక తాను దాచుకొన్న బహుమతి డబ్బుకు మించి ఒక్క పైసా ఖర్చు కాకూడదు.

ఇక కటకం మాట. పుణెలో పాత కెమెరాలు అమ్మే ఒక వ్యాపారి మూడు కటకాలు చూపాడు. మొదటిది ఇండస్టార్-50, నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు, ఎఫ్ 3.5. అన్నిటికన్న చవక. రెండవది హీలియోస్ 44-2, నాభ్యంతరం 58 మిల్లీమీటర్లు, ఎఫ్ 2. ధర మొదటిదానికి దాదాపు రెండింతలు. మూడవది జపాను దేశపు టకుమార్, 50 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.4. దాని ధర మొదటిదానికి అయిదింతలకు పైమాటే. దూరపు బంధువు ఒకరు, "ఇవన్నీ ఎందుకు, దగ్గరివి, దూరంవి అన్నీ తీసే జూమ్ కటకం ఒక్కటి కొనుక్కో" అని సలహా ఇచ్చాడు. బాలిక ఈ చిక్కును భౌతికశాస్త్రం చెప్పే మాస్టారి ముందు పెట్టింది. ఆయన జవాబు చెప్పలేదు. నల్లబల్ల మీద లెక్క వేయించాడు. ఆ లెక్క ఇక్కడి తల్లిదండ్రులందరికీ ఉపయోగపడేది కనుక కొంత వివరంగా చెప్పుకొందాము.

మొదటి ప్రశ్న: ప్రామాణిక కటకం అంటే ఏమిటి? సాధారణ ఫిల్ము మీద ఒక్కొక్క చిత్రం 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల దీర్ఘచతురస్రం. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం దాని కర్ణం సుమారు 43 మిల్లీమీటర్లు. కటకపు నాభ్యంతరం ఈ కర్ణానికి దరిదాపులలో ఉంటే, చిత్రంలో దగ్గరి వస్తువులకూ దూరపు వస్తువులకూ ఉండే పొందిక మనకు సహజంగా తోస్తుంది. 1925లో మార్కెట్టుకు వచ్చిన లైకా కెమెరాకు 50 మిల్లీమీటర్ల కటకం అమర్చారు. అప్పటి నుండి ఆ కొలతే ప్రమాణంగా స్థిరపడింది. 58 మిల్లీమీటర్లది దానికి కాస్త పెద్దన్న వంటిది. ఫిల్ము కొలత మారితే ప్రమాణమూ మారుతుంది. భారతదేశపు తొలి మహిళా పత్రికా ఛాయాచిత్రకారిణిగా పేరుగన్న హోమాయి వ్యారావాలా వాడిన రోలీఫ్లెక్స్ వంటి కెమెరాలో చిత్రం ఆరు సెంటీమీటర్ల చదరం. దానికి 75 లేక 80 మిల్లీమీటర్లది ప్రామాణిక కటకం. ఏ పన్నాకు ఏ అచ్చు అన్న లెక్క నేతపనిలో ఉన్నట్లే, ఏ ఫిల్ముకు ఏ కటకం అన్న లెక్క ఇందులోనూ ఉన్నది.

ఇంకొక మేలు కూడ ఉన్నది. ప్రామాణిక కటకాలను ప్రపంచంలోని కర్మాగారాలన్నీ లక్షలాదిగా తయారుచేసి, కెమెరాతోపాటే అమ్మినవి. అందువల్ల అవి పాత బజారులో విరివిగా దొరుకుతవి. విరివిగా దొరికేది చవకగా దొరుకుతుంది. గాజు నాణ్యతలో మాత్రం అవి ఖరీదైన కటకాలకు తీసిపోవు. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు హెన్రీ కార్టియే బ్రెసాన్ తన జీవితంలో అత్యధిక భాగం 50 మిల్లీమీటర్ల కటకంతోనే గడిపాడు. 1948 జనవరిలో గాంధీజీ హత్యకు కొద్ది సమయం ముందు ఆయనను దర్శించి చిత్రాలు తీసినవాడు ఆయనే.

రెండవ ప్రశ్న: ఎఫ్ అన్న అంకె ఏమిటి? కటకపు నాభ్యంతరాన్ని, కాంతి ప్రవేశించే ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఆ సంఖ్య. 58 మిల్లీమీటర్ల కటకానికి ఎఫ్ 2 అంటే ద్వారం వ్యాసం 29 మిల్లీమీటర్లు. అది హారంలోని సంఖ్య కనుక, అంకె తగ్గేకొద్దీ ద్వారం పెద్దదవుతుంది. కాంతి వ్యాసాన్ని బట్టి కాక వైశాల్యాన్ని బట్టి వస్తుంది కనుక వర్గం కట్టాలి. ఎఫ్ 3.5తో పోల్చితే ఎఫ్ 2 మూడు రెట్ల కాంతిని లోనికి పంపుతుంది. ఎఫ్ 2తో పోల్చితే ఎఫ్ 1.4 రెండు రెట్లు పంపుతుంది. కటకం మీది 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అన్న అంకెలలో ఒక్కొక్క మెట్టు దిగితే కాంతి సగమవుతుంది.

మూడవ ప్రశ్న అసలైనది: ఫోటో తీయవలసిన చోట వెలుతురు ఎంత? మన ఇళ్ళు ఎటువంటివో వేరుగా చెప్పనక్కరలేదు. ఒక గది, ఒక కిటికీ, ఆ గదిలోనే వంట, చదువు, బీడీల చాట, రాట్నం. పగటిపూట కిటికీ పక్కన ఉండే కాంతిలో, ఐ.ఎస్.ఓ. 400 వేగం గల ఫిల్ము వేసి, ద్వారాన్ని ఎఫ్ 2కు తెరిస్తే, షట్టరు సెకనులో అరవయ్యవ వంతు కాలం తెరచి ఉంచవలసి వస్తుందని మాస్టారు కాంతిమాపకంతో కొలిచి చూపాడు. చేతితో పట్టుకొని కదలకుండా తీయడానికి ఆ వేగం సరిపోతుంది. సెకనును కటకపు నాభ్యంతరంతో భాగిస్తే వచ్చే కాలం కన్న ఎక్కువసేపు షట్టరు తెరచి ఉంచితే చెయ్యి వణుకు చిత్రంలో కనబడుతుందని ఒక మోటు లెక్క. 58కి దగ్గరి మెట్టు 60.

ఇప్పుడు తక్కిన కటకాలను ఈ తూనికలో వేసి చూడండి. ఇండస్టార్‌తో అదే చోట సెకనులో ఇరవయ్యవ వంతు కావాలి. జూమ్ కటకాలలో చవకవి ఎఫ్ 4 చుట్టూ ఉంటవి. వాటితో పదిహేనవ వంతు కావాలి. జెనిత్-ఇ కెమెరాలో మీట పెట్టి నిలిపితే తప్ప, ముప్పయ్యవ వంతు కన్న నిదానమైన వేగమే లేదు. అనగా చవక కటకం ఆ గదిలో పనికిరాదు; జూమ్ అంతకన్న పనికిరాదు. ఆరుబయట ఎండలో అయితే అవి రెండూ చక్కగా పనిచేస్తవి. కాని నాయనమ్మ రాట్నం ఎండలో లేదు.

మరి ఎఫ్ 1.4? దానితో నూట ఇరవై అయిదవ వంతు వేగం వస్తుంది, మేలే. అయితే ఆ ఒక్క మెట్టు కాంతి కోసం రెండున్నర రెట్లకు పైగా ధర చెల్లించాలి. రాట్నాన్ని కిటికీ దగ్గరకు కొంత జరిపితే ఆ మెట్టు కాంతి ఉచితంగా వస్తుంది. ఇంకొక ఇబ్బంది ఉన్నది. ద్వారం పెద్దదయ్యేకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది. హీలియోస్‌ను ఎఫ్ 2కు తెరచి మీటరు దూరంలోని మనిషిని తీస్తే, స్పష్టంగా ఉండేది నాలుగు సెంటీమీటర్ల లోపే. కన్ను స్పష్టమైతే చెవి మసక. రెండు మీటర్ల దూరం పోతే అది పద్నాలుగు సెంటీమీటర్లు అవుతుంది. కొత్తగా నేర్చేవారికి ఈ లోతే కష్టం, ఎఫ్ 1.4 వద్ద ఇంకా కష్టం. అందుబాటులో ఉన్న వాటిలో అతి పెద్ద ద్వారమే ఉత్తమం అనుకోవడం పొరపాటు. పైగా ఆ పాత టకుమార్ కటకాలలో కొన్నింటి గాజులో థోరియం కలిసి ఉండటం వలన కాలక్రమాన పసుపు వన్నె తిరుగుతవి. చూడక కొన్నవారు మోసపోతారు.

ఇట్లా లెక్క వేసేసరికి, మధ్యది మిగిలింది. ఏది గొప్పది అన్న ప్రశ్నకు కాక, ఏ పనికి అన్న ప్రశ్నకు జవాబు వెదికినందువలననే అది తేలింది. మూడింటి ధరలను మాత్రమే చూసి ఉంటే చవకది కొని, ఆ గదిలో ఒక్క చిత్రమూ రాక నష్టపోయేది. గొప్పలకు పోయి ఉంటే కటకం చేతికి వచ్చేది కాని, ఫిల్ము కొనడానికి డబ్బు మిగిలేది కాదు. ధరలు ఈనాడు ఉన్నట్లు రేపు ఉండవు కనుక, నిష్పత్తినే గుర్తుంచుకోవాలి: చేతిలో ఉన్నదానిలో కనీసం సగం ఫిల్ముకు, దానిని కడిగించడానికి మిగలాలి. తీయని కెమెరా కన్న పెట్టెలోని ఇటుక మేలు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారం ఇందు పేరుతో తయారుచేసిన స్వదేశీ ఫిల్ము ఒకప్పుడు చవకగా దొరికేది. ఆ కర్మాగారం మూతపడింది. ఇప్పుడు మన బజారులో దొరికేదంతా విదేశాల నుండి వచ్చేదే. నలుపు తెలుపు ఫిల్మును ఇంట్లోనే, చీకటి సంచిలో డబ్బాకు ఎక్కించి కడగవచ్చును. మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఇప్పుడు జరుగుతున్నది అదే.

కొనే ముందు పరీక్షించవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. పాత వస్తువు కొనేటప్పుడు మొహమాటం పనికిరాదు.

మొదట అమరిక. ఏ కటకమైనా ఏ కెమెరాకైనా పట్టదు. జెనిత్‌కు మరచుట్టు అమరిక. దాని వ్యాసం 42 మిల్లీమీటర్లు. తొలినాటి జెనిత్-ఇ కెమెరాలలో కొన్నింటికి 39 మిల్లీమీటర్ల మరచుట్టు ఉన్నది కనుక, స్కేలుతో కొలిచి చూసుకోవాలి. నికాన్ వారి పాత కెమెరా ఇంట్లో ఉన్నవారు, ద్వారాన్ని మార్చే ఉంగరం కటకం మీద ఉన్నదో లేదో చూడాలి. ఆ ఉంగరం లేని కొత్త కటకాలు పాత కెమెరాకు తగిలినా, ద్వారం మన చేతిలో ఉండదు. కేనన్ వారు 1987లో అమరికనే మార్చివేశారు. కొత్తది పాతదానికి పట్టదు. చిన్న డిజిటల్ కెమెరాల కోసం చేసిన కటకాలు ఫిల్ము మీద అంచులను నల్లగా వదలివేస్తవి.

రెండవది గాజు. కటకాన్ని రెండు వైపులా తెరచి, వెనుక నుండి టార్చి వెలుగు పంపి చూడాలి. కొద్దిపాటి దుమ్ము చిత్రంలో కనబడదు. సాలెపోగుల వంటి తీగలుంటే అది బూజు. ఎంత చవక అయినా వదలివేయాలి. ముందు గాజు మీద చిన్న గీత ఉన్నా అంత నష్టం లేదు. వెనుక గాజు మీది గీత చిత్రాన్ని చెరుపుతుంది.

మూడవది యంత్రం. ద్వారపు రేకులు అన్ని అంకెల వద్దా సమంగా మూసుకోవాలి. హీలియోస్ 44-2లో రెండు ఉంగరాలు ఉంటవి: ఒకటి అంకెను నిర్ణయించడానికి, రెండవది తెరచి మూయడానికి. పూర్తిగా తెరచి ఫోకస్ చూసుకొని, తీసే ముందు మూయాలి. మరచిపోతే చిత్రం తెల్లబారిపోతుంది. అదే జెనిత్-ఇకి వేరే స్వయంచాలక కటకం తగిలించేవారు, దానిని చేతితో నడిపే మీట దాని మీద ఉన్నదో లేదో చూసుకోవాలి. లేకుంటే ద్వారం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఫోకస్ ఉంగరం పాత జిడ్డుతో బిగుసుకొని ఉండకూడదు. చివరిగా దూరాన ఉన్న సిద్ధేశ్వర దేవాలయ శిఖరం వంటి దానిని చూసి, అనంతం గుర్తు వద్ద అది స్పష్టంగా కనిపిస్తున్నదో లేదో నిర్ధారించుకోవాలి.

ఆ కెమెరా లోపల మన వారికి ఆనందం కలిగించే ఒక సంగతి ఉన్నది. దాని షట్టరు లోహపు తలుపు కాదు, రబ్బరు పూసిన బట్ట తెర. కాంతిని ఆపేదీ, వదిలేదీ ఎక్కడో ఎవరో నేసిన గుడ్డయే. ఆ గుడ్డలో సూదిమొనంత రంధ్రం పడినా చిత్రంలో తెల్ల చుక్క పడుతుంది. లోపం లేని నేత విలువ నేతగానికి వేరుగా చెప్పనక్కరలేదు.

హీలియోస్ వచ్చింది. దానికి కూడ పాత కటకం గతి పట్టకుండా, తోలు సంచిలో కాక, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో, తేమను పీల్చే సిలికా గుళికలతో పెట్టమని మాస్టారు చెప్పాడు. ఆ గుళికలను అప్పుడప్పుడు వేడి చేస్తే మళ్ళీ పనిచేస్తవి.

ఒక ఆదివారం ఉదయం బాలిక రాట్నాన్ని కిటికీ దగ్గరకు జరిపింది. రెండు మీటర్ల దూరాన, తలుపుకు వీపు ఆనించి కూర్చొన్నది. ఆ దూరంలో హీలియోస్‌కు ఎత్తున 124, అడ్డంగా 83 సెంటీమీటర్ల మేర పడుతుంది. నేల మీద కూర్చొన్న మనిషి, రాట్నపు చక్రంలో కొంత భాగం అందులో ఇముడుతవి. మగ్గం మొత్తం పట్టాలంటే విశాలమైన కోణపు కటకం కావాలి. అది లేదు, అక్కరా లేదు. ప్రామాణిక కటకం అన్నిటినీ ఇవ్వదు. ఏది ముఖ్యమో ఎన్నుకొమ్మని అడుగుతుంది. నాయనమ్మ మొదట కొంగు సర్దుకొని, కెమెరా వైపు చూస్తూ బిగుసుకొన్నది. పది చిత్రాలు అలాగే పోయినవి. తరువాత ఆమెకు విసుగు పుట్టి, "నువ్వు తియ్యి, నా పని నేను చేసుకుంట" అని చక్రం తిప్పసాగింది. అప్పుడు వచ్చినవే అసలు చిత్రాలు.

చుట్ట కడిగిన తరువాత ముప్పయి ఆరింటిలో పదకొండు బాగున్నవి. ఎనిమిది మసకగా ఉన్నవి. ఆరింటిలో ద్వారం మూయడం మరచిపోవడం వల్ల తెల్లబారినవి. తక్కినవి పరవాలేదు. ఆ పదకొండింటిలో ఒకదానిలో దారం పట్టిన వేళ్ళు అతి స్పష్టంగా ఉన్నవి; తిరిగే చక్రం కొంత చెదరి ఉన్నది. ఆ చెదరుపాటు లోపం కాదు. చక్రం తిరుగుతున్నదని చెప్పే సాక్ష్యం. ఆ చిత్రాన్ని తండ్రి చాలాసేపు చూశాడట. తరువాత ఏమీ అనకుండా, గోడ మీద మార్కండేయస్వామి పటం పక్కన మేకు కొట్టాడట. నేటి ప్రదర్శనలో ద్వారం దగ్గర మొదట కనిపించే చిత్రం అదే.

విద్యార్థులకు ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కటకం పెద్దదయినకొద్దీ బాధ్యత పెద్దదవుతుంది. బీడీ చుట్టే తల్లిని, మగ్గం మీది తండ్రిని, పక్కింటి ముసలివారిని అడగకుండా తీయరాదు. తీసిన చిత్రం ఒక ప్రతి వారికి ఇచ్చి తీరాలి. వారి పేదరికం చూపించి మెప్పు పొందడం ఛాయాచిత్రకళ కాదు. వారి నైపుణ్యం చూపించాలి. కండె చుట్టడంలో, పోగు అతకడంలో, ఆకు కత్తిరించడంలో ఉన్న నేర్పు ఎదుటివారికి కనబడేటట్లు తీసినదే మంచి చిత్రం.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలు ఏదైనా కొనమని అడిగినప్పుడు, వద్దనడానికో, సరేననడానికో ముందుగా, ఆ తండ్రి వలె ఒక షరతు పెట్టండి. ఆ మాస్టారి వలె ఒక లెక్క వేయించండి. ఎందుకు కావాలో, ఎక్కడ వాడతారో, ఎంత మిగులుతుందో పిల్లలు స్వయంగా కాగితం మీద వ్రాసి చూపగలిగితే, కొన్నా మేలే, కొనకున్నా మేలే. ఆ లెక్క పిల్లలకు జీవితాంతం ఉపయోగపడుతుంది.

పూర్వ విద్యార్థులకు మరొక విన్నపం. మీ ఇళ్ళలో అటకల మీద మూలుగుతున్న పాత కెమెరాలు ఎన్నో ఉండవచ్చును. ఆగ్ఫా క్లిక్ కావచ్చు, యాషికా కావచ్చు, జెనిత్ కావచ్చు. అవి చెడిపోయినవని పారవేయకండి. పాఠశాలకు పంపండి. ఒక్కొక్క కెమెరా వెంట ఒక చుట్ట ఫిల్ము పంపితే ఇంకా సంతోషం. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలు ఏటేటా తగ్గుతున్న ఈ కాలంలో, ఈ పేటలలో తెలుగువారు ఏమి నేశారో, ఎలా బతికారో చెప్పడానికి పుస్తకాలు ఎంత అవసరమో చిత్రాలు కూడ అంతే అవసరం. మగ్గాలు ఒక్కొక్కటే దిగిపోతున్నవి. వాటి ముందు కూర్చొన్నవారు మన మధ్య ఉన్నంతకాలమే వారి చిత్రాలు తీయగలము.

పాఠశాలకు నూరేళ్ళు నిండిన రోజున ఈ ఆవరణలో మళ్ళీ సభ జరుగుతుంది. ఆనాటి పిల్లలు ఈ చిత్రాల ముందు నిలబడి, "ఈమె ఎవరు?" అని అడుగుతారు. అప్పుడు ఆ బాలిక, బహుశా తల నెరసిన తల్లియై, ముందుకు వచ్చి, "మా నాయనమ్మ" అని చెప్పగలుగుతుంది. ఆ ఒక్క మాటకు నోచుకోవడానికి ఎఫ్ 2 కటకం, ఒక కిటికీ, ముప్పయి ఆరు చిత్రాల ఫిల్ము సరిపోయినవి.

 ప్రదర్శనను తిలకించి, పిల్లలను ఆశీర్వదించవలసినదిగా ప్రార్థన.

శుభమ్.